పడవ ఎక్కనివ్వని నది మీద ఇనుప వంతెన
థాంగ్‌తోంగ్ గ్యాల్పో జీవితం





టిబెట్ బౌద్ధం అనగానే మనకు ఎర్ర చీవరాలు, పొడుగాటి బాకాలు, చేత్తో తిప్పే ప్రార్థనా చక్రాలు గుర్తుకొస్తాయి. 2006 జనవరిలో మన అమరావతిలో కాలచక్ర సభలు జరిగినప్పుడు ఇవన్నీ దగ్గర్నుంచి చూసినవాళ్ళు మనలో ఉన్నారు. ఆ మంత్రాలు, ఆ తంతులు మనకెందుకు అన్న ప్రశ్న కూడా మనలో ఉంది. 22 ప్రతిజ్ఞలు చేసిన మనకు ఆ ప్రశ్న రావడం న్యాయమే.

అయితే అదే టిబెట్‌లో దాదాపు ఆరు వందల ఏళ్ళ కిందట ఒక మనిషి ఉండేవారు. పల్లెపల్లె తిరిగి ఇనుము అడుక్కున్నారు. ఆ ఇనుముతో నదుల మీద మనుషులు నడిచి దాటే వంతెనలు కట్టించారు. ఆయన పేరు థాంగ్‌తోంగ్ గ్యాల్పో. ఆయన ఏ మంత్రం జపించారన్నది ఈ చిన్న పుస్తకంలో మన విషయం కాదు. ఆయన వంతెనలు ఎందుకు కట్టారు, ఎలా కట్టారు, ఆ పనిలో మనం నేర్చుకోవలసింది ఏముంది అన్నది చూద్దాం.

పిచ్చివాడు అనిపించుకున్న మనిషి

ఆయన పుట్టింది పడమటి టిబెట్ వైపు ఎగువ సాంగ్ ప్రాంతంలో. పుట్టిన సంవత్సరం 1385 అని కొందరు, 1361 అని కొందరు రాశారు. పోయిన సంవత్సరం కూడా 1464 అని ఒక లెక్క, 1485 అని ఇంకో లెక్క. భక్తులు 1361 నుంచి 1485 దాకా లెక్క కట్టి 125 ఏళ్ళు బతికారని చెప్పుకుంటారు. మనకు అన్నేళ్ళు అక్కర్లేదు. ఆయన చేసిన పని చూస్తే మామూలు మనిషి ఆయుష్షు కూడా గొప్పగానే కనిపిస్తుంది.

థాంగ్‌తోంగ్ గ్యాల్పో అంటే ఖాళీ మైదానానికి రాజు అని అర్థం. బౌద్ధంలోని శూన్యత అన్న భావం ఆ పేరులో ఉంది. జనం మాత్రం ఆయన్ని ఇంకో పేరుతో పిలిచేవారు. అది పిచ్చివాడు. ఆయన చాలా మంది గురువుల దగ్గర చదువుకున్నారు, ధ్యానం చేశారు. కానీ మఠంలో ఆసనం వేసుకుని స్థిరంగా కూర్చోలేదు. జుట్టు, గడ్డం పెరిగిపోయి, మాసిన బట్టలతో దారుల వెంట తిరిగేవారు. పెద్దమనుషులు చూసి మొహం తిప్పుకునే వేషం అది. చివరికి ఆయనకు శాశ్వతంగా నిలిచిన పేరు మూడోది. చక్‌జాంపా. అంటే ఇనుప వంతెనల మనిషి.

తెడ్డు దెబ్బ

ఆ రోజుల్లో టిబెట్‌లో బౌద్ధానికి కొదవ లేదు. లాసా నగరం చుట్టూ పదేళ్ళ లోపలే మూడు మహా మఠాలు లేచాయి. 1409లో గాండెన్, 1416లో డ్రెపుంగ్, 1419లో సెరా. ఇందులో డ్రెపుంగ్ అన్న పేరు మన ధాన్యకటకం పేరు మీద పెట్టుకున్నదే. అంటే అమరావతి స్తూపం ఉన్న నేల పేరును వాళ్ళు హిమాలయాల అవతల తలకెత్తుకున్నారు.

అన్ని మఠాలున్న ఆ లాసా పక్కనే కీచు అనే నది పారుతుంది. ఆ నది దాటాలంటే పడవే గతి. పడవ ఎక్కాలంటే పడవవాడు ఒప్పుకోవాలి. డబ్బున్నవాడికి, హోదా ఉన్నవాడికి ఇబ్బంది లేదు. బిచ్చగాడికి, కాలినడకన వచ్చిన యాత్రికుడికి, చేతిలో ఏమీ లేని పేదరాలికి ఒడ్డే దిక్కు.

థాంగ్‌తోంగ్ గ్యాల్పో ఒకసారి ఆ రేవుకు వచ్చారు. జనంతో పాటు పడవ ఎక్కబోయారు. ఈ పిచ్చి బిచ్చగాడు ఎక్కడం పడవవాడికి నచ్చలేదు. తెడ్డుతో తల మీద కొట్టాడు. ఆయన నీళ్ళలో పడిపోయారు. ఈ సంగతి ఆయన జీవిత కథల్లో రాసి ఉంది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. నీళ్ళ దగ్గర దెబ్బ తినడం అంటే ఏంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1927 మార్చిలో మహద్ చవదార్ చెరువు దగ్గర బాబాసాహెబ్ వెంట నడిచినవాళ్ళు నీళ్ళు తాగినందుకే దెబ్బలు తిన్నారు. చెరువు అందరిదీ, కానీ దోసిలి పట్టే హక్కు కొందరిదే. కీచు నది సంగతీ అంతే. నది ఎవరిదీ కాదు, దాటే హక్కు మాత్రం కొందరికే.

తడి బట్టలతో ఒడ్డుకు చేరిన ఆ మనిషి ఏం చేశారు? పడవవాణ్ణి తిరిగి కొట్టలేదు, శపించలేదు. బాగా ఆలోచిస్తే ఆ పడవవాడూ ఏమంత గొప్పవాడు కాదు. టిబెట్ సమాజంలో పడవ నడిపేవాళ్ళను కూడా తక్కువగానే చూసేవారు. తన పైన ఉన్నవాళ్ళ ముందు వంగి, తన కింద ఉన్నవాణ్ణి తెడ్డుతో కొట్టాడు. బాబాసాహెబ్ మనకు విడమరిచి చెప్పిన అంతస్తుల అసమానత అంటే ఇదే. ఒక్కొక్క మెట్టు మీద ఉన్నవాడు కింది మెట్టును తొక్కుతాడు.

పడవవాడి మనసు మారితే బాగుంటుంది. కానీ రేపు ఆ చోటుకు ఇంకో పడవవాడు వస్తాడు. వాడి మనసు ఎలా ఉంటుందో? అందుకని థాంగ్‌తోంగ్ గ్యాల్పో దయ కోసం ఎదురుచూడని దారి ఒకటి వేయాలనుకున్నారు. నది మీద వంతెన ఉంటే ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. కాళ్ళుంటే చాలు.

ఇనుమే ఎందుకు?

వంతెన కట్టాలని అనుకోవడం తేలిక. టిబెట్ నేల మీద కట్టడం తేలిక కాదు. అది సముద్ర మట్టానికి చాలా ఎత్తున ఉన్న దేశం. లాసా చుట్టుపక్కల పెద్ద మానులు దొరకవు. పొడుగాటి దూలాలు లేకుండా వెడల్పు నది మీద చెక్క వంతెన నిలబడదు.

పోనీ రాతితో కడదామా అంటే నది మధ్యలో స్తంభాలు లేపాలి. ఎండాకాలంలో మంచు కరిగి, వానలు తోడై నది ఒక్కసారిగా ఉబ్బుతుంది. బండరాళ్ళను దొర్లించుకుంటూ వస్తుంది. ఆ పోటుకు నడి నీళ్ళలో స్తంభం నిలబెట్టడం ఆనాటి పనిముట్లతో అయ్యే పని కాదు.

కాబట్టి ఆయన ముందున్న లెక్క ఇది. నీళ్ళలో కాలు పెట్టకూడదు. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు ఒక్క అంగలో దాటాలి. చెక్క తక్కువ వాడాలి. గాలికి, మంచుకు ఏళ్ళ తరబడి ఆగాలి. ఈ నాలుగు షరతులకూ సరిపోయేది ఇనుప గొలుసు ఒక్కటే. ఇనుప గొలుసు వంతెనలు అంతకు ముందు ఎవరికీ తెలియవని కాదు. చైనా యున్నాన్ వైపు అవి ముందే ఉన్నాయి. కానీ ఒక మనిషి జీవితమంతా ఊరూరా తిరిగి, పేదల కోసం వరసగా కట్టుకుంటూ పోవడం కొత్త.

అలాగని ప్రతి చోటా గొలుసే వేయలేదు. సంప్రదాయం చెప్పే లెక్క ప్రకారం ఆయన 58 ఇనుప వంతెనలు, 60 చెక్క వంతెనలు వేయించారు, 118 చోట్ల పడవ రేవులు పెట్టించారు. ఈ అంకెల్లో భక్తుల అభిమానం కొంత కలిసి ఉండొచ్చు. అయినా అందులో ఒక తెలివి కనిపిస్తుంది. వాగు చిన్నది, పక్కనే అడవి ఉంది అంటే చెక్క చాలు. నది మరీ వెడల్పు, నీళ్ళు నిదానం అంటే పడవే మేలు. లోతైన లోయ, ఉరికే నీళ్ళు, రెండు పక్కలా గట్టి రాయి ఉంటే అక్కడ గొలుసు. తనకు తెలిసిన ఒక్క విద్యను అన్ని చోట్లా రుద్దలేదు. చోటు ఏమడుగుతోందో చూసి అది కట్టారు. తథాగతుడు కూడా వినేవాడి స్థితిని చూసి ధమ్మం చెప్పేవారు కదా. రైతుకు నాగలి సంగతితో, రాజుకు రాజ్యం సంగతితో చెప్పారు.

దండెం తీగ చెప్పే పాఠం

గొలుసు వంతెన ఎలా నిలుస్తుందో మన ఇంటి దండెం తీగ చూస్తే అర్థమవుతుంది. బట్టలారేసే తీగను బిగదీసి కట్టి, తడి దుప్పటి వేయండి. గుంజ ఊడొస్తుంది, లేకపోతే తీగ తెగుతుంది. అదే తీగను కొంచెం వదులుగా, నడుమ కిందికి వంగేట్టు కట్టండి. ఆ దుప్పటినే హాయిగా మోస్తుంది. బిగుతు ఎక్కువైతే రెండు చివర్ల మీద లాగుడు విపరీతంగా పెరుగుతుంది. వంపు ఇస్తే తగ్గుతుంది. వీణ తీగ మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదిలితే పలకదు అన్న బుద్ధుని ఉపమానం మనకు తెలుసు. ఇక్కడ అది ఉపమానం కాదు, కళ్ళ ముందు కనిపించే లెక్క.

థాంగ్‌తోంగ్ గ్యాల్పో వంతెనల్లో గొలుసు నడుమకు వంగి ఉంటుంది. ఆ వంపు కోసమే రెండు ఒడ్డుల మీదా ఎత్తుగా రాతి కట్టడాలు లేపారు. గొలుసు చివర్లు ఆ రాతి కట్టడాల లోపలికి వెళ్ళి, అక్కడ అడ్డంగా పెట్టిన దూలాలకు బిగుసుకుంటాయి. గొలుసు ముందుకు లాగుతుంటే రాతి బరువు వెనక్కి పట్టి ఉంచుతుంది. కొన్ని చోట్ల ఈ కట్టడం చిన్న ఇల్లులా ఉండేది. ద్వారం గుండా వంతెన ఎక్కాలి. వాన వస్తే బాటసారి అక్కడే తలదాచుకోవచ్చు. అంటే వంతెనకు బరువుగా నిలిచేదే మనిషికి నీడ కూడా అయింది. ఒక్క రాయి రెండు పనులు చేసింది.

ఆయన కట్టిన వాటిలో పేరుమోసింది సాంగ్‌పో నది మీద చువోరి దగ్గర 1444లో కట్టిన వంతెన. సాంగ్‌పో అంటే వేరే ఏదో కాదు, అస్సాంలోకి దిగాక మనం బ్రహ్మపుత్ర అనే నదే. లాసా పక్కన పారే కీచు వచ్చి అందులో కలిసే చోటుకు ఈ వంతెన దగ్గర. రెండు ఒడ్డుల కట్టడాల మధ్య దూరం దాదాపు 137 మీటర్లు. కడియం కడియం చేత్తో కొట్టిన గొలుసు అంత దూరం గాలిలో వేలాడింది. అమెరికాలో జేమ్స్ ఫిన్లే ఇనుప గొలుసులతో వేలాడే వంతెన కట్టింది 1801లో. బ్రిటన్‌లో పేరున్న మెనాయ్ వంతెన, 176 మీటర్లది, 1826లో తెరిచారు. చువోరి వంతెన అప్పటికే మూడున్నర శతాబ్దాల పాతది.

చువోరిలో నడిచే బాట నేరుగా గొలుసు మీద వేయలేదు. రెండు పక్కలా గొలుసులు, వాటి నుంచి కిందికి వేలాడే తాళ్ళు, ఆ తాళ్ళ అడుగున సన్నని పలకల బాట. గొలుసులే చేతికి పట్టు. ఒక మనిషి నడిచే వెడల్పు మాత్రమే ఉండేది. భూటాన్‌లో ఇంకో తీరు. అక్కడ వెదురు దొరుకుతుంది. అందుకని కొన్ని గొలుసులు పక్కపక్కనే లాగి వాటి మీద వెదురు చాపలు పరిచారు.

బాట సన్నగా ఉందేంటి, ఇంకా పెద్దగా కట్టొచ్చు కదా అనిపిస్తుంది. కానీ వెడల్పు పెంచితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే గొలుసులు పెరగాలి, ఇనుము పెరగాలి, రాయి పెరగాలి. అడుక్కుని తెచ్చిన ఇనుముతో ఒక రాజు రథానికి బాట వేసేకంటే వందమంది పాదాలకు నాలుగు బాటలు వేయడం మేలు. నడిచేవాళ్ళ కోసం అనుకున్నారు, నడిచేవాళ్ళకు సరిపడా కట్టారు. ఆర్భాటానికి అందులో చోటు లేదు. అందుకేనేమో అవి లోయల్లో కంటికి అడ్డుపడకుండా, రెండు కొండల మధ్య గీసిన గీతలా ఉండేవి.

కొలిమి దగ్గర కూర్చున్నవాళ్ళు

ఇంత ఇనుము ఎక్కడిది? రాజు కోశాగారం తెరవలేదు. 1430లో లాసా దగ్గర కీచు మీద వంతెన పూర్తవడానికి ముందు ఆయన తూర్పున కోంగ్‌పో ప్రాంతానికి వెళ్ళి ఇనుము సేకరించారు. 1433లో భూటాన్‌లోని పారో లోయకు వెళ్ళారు. అక్కడ 18 చోట్ల కొలుములు పెట్టి గొలుసులు కొట్టించారని, 1400 మోపుల ఇనుము కొండదారుల్లో మనుషుల వీపుల మీద టిబెట్ సరిహద్దుకు చేరిందని ఆయన జీవిత కథలు చెబుతాయి.

ఆ కొలిమి దగ్గర కూర్చున్నది ఎవరు? కమ్మరులు. టిబెట్‌లో వాళ్ళను గారా అంటారు. ఆ సమాజం కసాయివాళ్ళతో పాటు కమ్మరులను కూడా తక్కువ ఎముక వాళ్ళు అనేది. వాళ్ళు తాగిన గిన్నెలో ఇంకొకరు తాగేవారు కాదు. బౌద్ధ దేశంలోనే ఈ అంటు ఉంది. దాచిపెట్టడం మనకు పద్ధతి కాదు. ధమ్మం చెప్పే నోరు, అంటు పాటించే చెయ్యి ఒకే మనిషికి ఉండొచ్చని టిబెట్ చరిత్రా చెబుతుంది. అందుకే బాబాసాహెబ్ పేరుకు బౌద్ధం కాదు, సమానత్వం ఉన్న బౌద్ధం కావాలన్నారు.

ఇప్పుడు ఆలోచించండి. మఠాధిపతి, జమీందారు, వ్యాపారి, వాళ్ళ భార్యలు, పిల్లలు అందరూ ఆ గొలుసును చేత్తో పట్టుకునే నది దాటాలి. ఏ కమ్మరి గిన్నెను ముట్టుకోరో ఆ కమ్మరి కొట్టిన కడియాన్ని ప్రాణం కోసం గట్టిగా పట్టుకోవాలి. నడి నది మీద, కింద నురగలు కక్కుతున్న నీళ్ళు చూస్తూ, అంటు గుర్తుకొస్తుందా?

ఆ కడియాలు ఒక్కోటి సుమారు అడుగు పొడవు. అందులో ఒక్కటి సరిగ్గా అతకకపోయినా వంతెన మొత్తం పోతుంది. గొలుసు బలం దాని బలహీనమైన కడియంలోనే ఉంటుంది. శతాబ్దాల పాటు అవి ఆగాయి. ఈ కాలంలో భూటాన్ గొలుసుల ముక్కలను పరీక్షించినప్పుడు అతుకుల దగ్గర ఆర్సెనిక్ కలిసిన ఇనుము వాడినట్టు తేలింది. అలా కలిపితే ఇనుము తక్కువ వేడికే కరిగి అతుకు గట్టిగా పడుతుంది. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ లేదు. కొలిమి పొగ మింగినవాళ్ళ చేతుల్లో ఉంది. వాళ్ళ పేర్లు ఒక్కటీ మనదాకా రాలేదు.

ఆట, పాట, చందా

వంతెనకు ఇనుముతో పాటు కూలీలకు తిండి కావాలి. దాని కోసం థాంగ్‌తోంగ్ గ్యాల్పో ఆటపాటలను కూడా పనిలోకి దింపారని టిబెట్ జనం నమ్ముతారు. వంతెన పనిలో ఉన్న ఏడుగురు అక్కచెల్లెళ్ళు పాడుతూ ఆడుతూ ఊళ్ళు తిరిగారని, జనం చూసి ఇనుము, ధాన్యం ఇచ్చారని, అదే లామో అనే టిబెట్ నాటకానికి మొదలని చెప్పుకుంటారు. ఆ నాటకానికి పుట్టుక అచ్చంగా అక్కడేనా అన్నది పండితులు తేల్చుకుంటారు. కానీ ఈనాటికీ ఆ ఆట మొదలుపెట్టేటప్పుడు ఆయన్ని తలుచుకుంటారు. తెల్ల గడ్డంతో ఉండే ఒక మాస్కు ఆయన రూపమే అంటారు. కళాజాతాలతో బాబాసాహెబ్ మాటను వాడవాడకూ చేర్చిన మన కళాకారులకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

ఆయన పనిలో ఒక స్త్రీ కూడా భాగం పంచుకుంది. ఆమె పేరు చోక్యి డ్రోన్మా. 1422లో గుంగ్‌తాంగ్ రాజ్యంలో రాకుమారిగా పుట్టింది. పెళ్ళయింది, కూతురు పుట్టి పోయింది. ఆ తర్వాత రాజభోగం వదిలేసి భిక్షుణి అయింది. మహిళలకు చదువు, దీక్ష అందాలని పాటుపడింది. థాంగ్‌తోంగ్ గ్యాల్పోను కలిసి వంతెనల పనికి చేయి కలిపింది. ముప్పై నాలుగేళ్ళు నిండకుండానే కన్నుమూసింది. ఆమె తర్వాత ఆమె పేరు మీద ఒక స్త్రీ గురు పరంపరే నడిచింది.

మనిషిని దేవుణ్ణి చేస్తే

థాంగ్‌తోంగ్ గ్యాల్పో పోయాక ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. ఆయన దెయ్యాలను లొంగదీశారని, మహిమలతో కట్టారని కథలు పుట్టాయి. 1783లో శామ్యూల్ టర్నర్ అనే ఇంగ్లీషు దూత భూటాన్ గుండా వెళ్తూ చుఖా దగ్గర ఒక గొలుసు వంతెన చూశాడు. అయిదు గొలుసులు, మీద వెదురు చాపలు, ఒకసారికి ఒక్క గుర్రాన్నే పోనిచ్చేవారు. అది కూడా ఇనుప వంతెనల మనిషి పనే అని అక్కడివాళ్ళ సంప్రదాయం. కానీ టర్నర్ వచ్చేనాటికి జనం దాన్ని మనిషి కట్టిందని అనడం మానేశారు. ఒక దేవుడు కట్టాడని చెప్పారు.

ఇందులో నష్టం ఏంటి? దేవుడు కట్టాడంటే ఇనుము మోసిన వీపులు మాయమైపోతాయి. సుత్తి పట్టిన చేతులు మాయమైపోతాయి. పైగా దేవుడు కట్టింది తెగిపోతే మనం మళ్ళీ కట్టలేమని జనం అనుకుంటారు. మనిషి కట్టాడని తెలిస్తే మనమూ కట్టగలం అన్న ధైర్యం వస్తుంది. బాబాసాహెబ్ బుద్ధుణ్ణి దేవుడిగా, అవతారంగా ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. బుద్ధుడు దారి చూపేవాడు, మోక్షం ఇచ్చేవాడు కాదు.

ఆ వంతెనల్లో చాలావరకు ఇప్పుడు లేవు. చువోరి వంతెన 1948 నాటికి పాడుబడి, దాని పక్కనే జనం మళ్ళీ పడవలో దాటేవారు. తర్వాత అది పూర్తిగా పోయింది. పక్కన రోడ్డు వంతెన వచ్చింది. పారో లోయలో తామ్‌చోగ్ దగ్గరి వంతెన 1969లో వరదకు కొట్టుకుపోయింది. తూర్పు భూటాన్‌లో దుక్సుం దగ్గరిది 2004లో పోయింది. అక్కడ మిగిలిన పాత గొలుసులు తెచ్చి 2005లో తామ్‌చోగ్ వంతెనను తిరిగి నిలబెట్టారు. పేరు తెలియని కమ్మరి కొట్టిన కడియం, ఒక నది మీద పోయి ఇంకో నది మీద మళ్ళీ మనుషుల్ని దాటిస్తోంది. అన్నీ మారేవే, ఏదీ నిలిచేది కాదు అని మనకు తెలుసు. కానీ అనిత్యం అంటే చేతులు ముడుచుకోవడం కాదు. పోతుందని తెలిసే కట్టాలి, పోయినప్పుడు మళ్ళీ కట్టాలి.

మన వాగు మీద

తోటలు వేసేవారికి, బావులు తవ్వించేవారికి, వంతెనలు కట్టేవారికి పగలూ రాత్రీ పుణ్యం పెరుగుతూనే ఉంటుందని తథాగతుడు చెప్పారు. యజ్ఞం చేసేవారికి అని చెప్పలేదు. అశోకుడు దారుల వెంట బావులు తవ్వించి, చెట్లు నాటించి, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని రాళ్ళ మీద చెక్కించాడు. ఆ రాళ్ళు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఈనాటికీ ఉన్నాయి. థాంగ్‌తోంగ్ గ్యాల్పో ఆ వరసలోని మనిషి. అందుకే ఆయన మనకు పరాయివాడు కాదు.

మన పల్లెలు గుర్తు చేసుకోండి. ఊరికీ వాడకూ మధ్య చాలా చోట్ల ఒక వాగో కాలువో ఉంటుంది. వానాకాలంలో అది పొంగితే బడి పిల్లలు ఇంట్లోనే. పురిటి నొప్పుల మనిషి మంచం మీద మోసుకుపోవాలి. ఊరి పొలాలకు పోయే దారిలో సిమెంటు వంతెన వస్తుంది, వాడ దారిలో రెండు తాటి మొద్దులే ఉంటాయి. ఎవరి దయ మీదో ఆధారపడితే ఆ మొద్దులు అలాగే ఉంటాయి. దానికోసం గ్రామసభలో అడగాలి, అర్జీ పెట్టాలి, వెంటపడాలి. అది బిచ్చం కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు.

కట్టేటప్పుడు మన పిల్లల్లో ఇంజనీరింగు చదివినవాళ్ళు ముందుకు రావాలి. ఆ వాగు ఎంత పొంగుతుంది, ఒడ్డు మట్టిదా రాయిదా, దాని మీద నడిచేది ఎవరు, నెత్తిన మోపుతో వచ్చే అమ్మ కూడా చేత్తో పట్టుకోవడానికి పట్టు ఉందా, ముసలాయన మెట్టు ఎక్కగలడా అని చూడాలి. పటం మీద అందంగా ఉన్నది వేరే చోట నుంచి తెచ్చి అతికిస్తే మొదటి వరదకే పోతుంది. చోటును చూడాలి, నడిచేవాళ్ళను అడగాలి, ఉన్నదానితో సరిపడా కట్టాలి. ఇది ఆ పిచ్చివాడు ఆరు వందల ఏళ్ళ కిందట చేసి చూపించిన పద్ధతి.

ఆయన విగ్రహాలు టిబెట్, భూటాన్ గుళ్ళలో ఉంటాయి. తెల్ల గడ్డం, చేతిలో ఇనుప గొలుసు. ఆ గొలుసు ఎవరినీ కట్టేయడానికి కాదు. తెడ్డు దెబ్బ తిన్న ప్రతి మనిషి అడుగు వేసి దాటడానికి. వచ్చే పున్నమికి విహారంలో కలిసినప్పుడు మీ వాడ వాగు సంగతి కూడా మాట్లాడండి. ఆ మాట కూడా ధమ్మమే.

నమో బుద్ధాయ. జై భీమ్.